పటానికి ఫొటో

చోడవరంలో నాకు ఫొటో స్టూడియో ఉంది. ఇరవై ఏడేళ్ళుగా అదే అద్దె గది, అదే నీలం తెర, కూర్చోవడానికి అదే గుండ్రటి స్టూలు. ఫోనుల్లో కెమెరాలొచ్చాక నా వ్యాపారం సగం చచ్చింది. మిగిలిన సగాన్ని పాస్‌పోర్టు సైజువాళ్ళు కొంత, పెళ్ళిళ్ళవాళ్ళు కొంత బతికిస్తున్నారు. వాళ్ళకన్నా నమ్మకంగా వచ్చేది పటంవాళ్ళు.

పటంవాళ్ళంటే ముసలివాళ్ళు. దేవరాపల్లి నుంచి, కె.కోటపాడు నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోల్లో వచ్చి దిగుతారు. "బాబూ, పటానికి ఒక ఫొటో తియ్యి" అంటారు. తాము పోయాక గోడకి తగిలించి దండ వెయ్యడానికన్నమాట. అందులో వాళ్ళకి దిగులేమీ ఉండదు, పంతం ఉంటుంది. ముందుగా తీయించుకోకుండా పోయినవాళ్ళ గతి వాళ్ళు చూశారు. చావింటివాళ్ళు ఏ పెళ్ళిలోనో తీసిన గ్రూపు ఫొటో పట్టుకుని పరిగెత్తుకొస్తారు, పదోరోజులోగా పటం కావాలంటారు. అందులోంచి ఒక్క తలకాయ కత్తిరించి పెద్దది చేస్తే మొహం నానిన కాగితంలా ఉంటుంది. నేను కొత్తగా ఈ పని మొదలెట్టిన రోజుల్లో ఒక పెద్దాయన పటంలో ఆయన భుజం మీద ఎవరిదో గాజుల చెయ్యి ఉండిపోయింది. చెరపడం నాకప్పటికి చేతకాలేదు. ఆ చెయ్యి ఎవరిదని ఆ ఊరు నెల్లాళ్ళు చర్చించుకుంది. అప్పట్నుంచి తెలివైన ముసలివాళ్ళు ముందే వచ్చి తీయించుకుంటున్నారు.

గుమ్మంలోకి రాగానే వాళ్ళని పోల్చేస్తాను. పెట్టెలోంచి తీసిన చీర, నూనె రాసి అణగదువ్విన తల, నిండుగా పెట్టిన బొట్టు. స్టూలు మీద కూర్చోగానే చేతులు ఒళ్ళో పెట్టుకుంటారు. లెన్సుని కాకుండా లెన్సు వెనకాల ఇంకెవరో నిలబడి ఉన్నట్టు చూస్తారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. తెలుసనే అనుకునేవాణ్ణి.

నాకు ముప్ఫై ఎనిమిదో ఏట పెళ్ళయింది. ఆమెకి ఇరవై ఒకటి. మా పెద్దమ్మ కూతురి కూతురు, అంటే వరసకి నాకు మేనకోడలు. చిన్నప్పుడు నా స్కూటరు ముందు నిలబడి "మావా, ఇంకా జోరుగా పోనీ" అని అరిచిన గుంట. ఆమె పదో తరగతి హాల్ టికెట్టు ఫొటో ఇదే స్టూలు మీద కూర్చోబెట్టి నేనే తీశాను. అది తలుచుకుంటే ఇప్పుడు నాకే ఎలాగో ఉంటుంది. అప్పుడు ఎవరికీ అలా అనిపించలేదు. తెలిసిన సంబంధం, కుర్రాడికి తాగుడు లేదు, పిల్ల కళ్ళెదురుగానే ఉంటుందన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళవాణ్ణి కుర్రాడన్నది మా వాళ్ళే. పిల్లని అడిగారా అంటే అడిగారు. తలొంచుకుంది. తలొంచుకుంటే ఒప్పుకున్నట్టే.

డిగ్రీ చివరి సంవత్సరం పూర్తి చేస్తానంది. చేద్దువుగాని అన్నాను. ఆ తర్వాత ఆ మాట ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు.

ఆమె నవ్వు గురించి చెప్పాలి. దేనికైనా నవ్వేది. అరటిపండు తొక్క కింద పడితే నవ్వేది. నవ్వాపుకోలేక గోడ పట్టుకునేది. పెళ్ళయిన రెండో ఏడు చీర కొందామని అనకాపల్లి తీసుకెళ్ళాను. కొట్లో సేల్స్‌మేన్ నిమ్మపండు రంగు చీర విప్పి, "మీ అమ్మాయికి ఈ రంగు బాగా నప్పుతుంది సార్" అన్నాడు. ఆమె పక్కున నవ్వింది. అతను తెల్లబోయి మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఆమె ఇంకా నవ్వింది. నేను చీర కొనకుండా బయటికొచ్చేశాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అన్నాను:

"పెళ్ళైన ఆడదానివి, ఆ పకపకలేటి? నీ పక్కన నేను ముసిలోడిలా కనబడాలనా?"

కోపం నా ముక్కు మీదే ఉంటుంది, ఎంత వేగంగా వస్తుందో అంత వేగంగా పోతుంది. ఓ గంటకి నేను ఆ మాట మర్చిపోయాను. అన్నవాడు మర్చిపోతాడు, పడ్డవాళ్ళు మర్చిపోరు.

ఆ మర్నాటి నుంచే అంతా మారిందంటే అబద్ధం. అలా మారి ఉంటే నేనంత గుడ్డివాణ్ణి కాను. ఏళ్ళ మీద మారింది. ముందు లేత రంగులు పోయాయి. ముదురు ఆకుపచ్చ, కాఫీపొడి రంగు, మా అమ్మ వయసువాళ్ళు కట్టే నేత చీరలు వచ్చాయి. జడ పోయి ముడి వచ్చింది. మేం ఇద్దరం పెళ్ళిళ్ళకి వెళ్తే ఇక ఎవరూ తండ్రీ కూతుళ్ళా అని అడగలేదు. నేను రెండు వారాలకోసారి తలకి రంగు వేసుకుని కిందికి దిగుతున్నాను, ఆమె ముదురు చీరలు కట్టి పైకెక్కుతోంది, మధ్యలో ఎక్కడో కలుసుకుంటాం అనుకున్నాను. ఈడుజోడు అంటే ఇదే కాబోలని మురిసిపోయాను కూడా.

పాప పుట్టింది. ఆ రెండుమూడేళ్ళు మళ్ళీ ఇంట్లో నవ్వు వినిపించింది. పాప బడికి పోయాక అది కూడా తగ్గుతూ వచ్చింది. పాప ఏడో తరగతికి వచ్చేసరికి మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే ఫ్రిజ్ చప్పుడు వినపడేది. స్నేహితురాళ్ళతో ఫోను మానేసింది. టీవీ సీరియలు సగంలో లేచిపోయేది. అన్నం కలిపి అటూ ఇటూ నెట్టి కంచం తీసేసేది. మంచి చీరలన్నీ తీసి మా అక్క కూతురికి ఇచ్చేసింది. పెళ్ళినాటి పట్టీలు పాప కాళ్ళకి పెట్టింది. పాపకి అవి వదులు. పెద్దయ్యాక సరిపోతాయిలే అంది.

మా అక్క కె.కోటపాడు నుంచి వచ్చినప్పుడల్లా పొగిడేది. "ఈ వయసుకే ఎంత పెద్దరికం వచ్చిందిరా దానికి. ఒక మాట లేదు, ఒక కోరిక లేదు. నీకు తగ్గట్టు తయారైంది" అనేది. నాకు ఛాతీ ఉబ్బేది. ఇంకో ఇంట్లో ముప్ఫై అయిదేళ్ళ ఆడది తినడం మానేసి, నవ్వడం మానేసి, ఉన్నవన్నీ పంచేస్తుంటే ఎవరైనా ఏమైందని అడుగుతారు. మా ఇంట్లో అడగలేదు. పదిహేడేళ్ళు పెద్దవాణ్ణి కట్టుకున్న పిల్ల ఆ పదిహేడేళ్ళూ పూడ్చుకుంటోందని అందరం అనుకున్నాం. నేను అందరికన్నా గట్టిగా అనుకున్నాను, నాకది గొప్ప కదా.

రెండేళ్ళ కిందట, పంచదార ఫ్యాక్టరీలో చెరకు ఆడే క్రషింగు రోజులు. గోవాడ వైపు పోయే చెరకు ట్రాక్టర్లతో రోడ్డు నిండిపోయి ఉంది. పొద్దున్న పదకొండు గంటలప్పుడు ఆమె స్టూడియోకి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో తప్ప అటువైపు వచ్చింది లేదు. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. తల నూనె రాసి దువ్వుకుంది. బొట్టు ఎప్పటికన్నా పెద్దగా ఉంది.

"ఏటిలాగొచ్చేవు?" అన్నాను.

"పటానికి ఒక ఫొటో తియ్యి మావా" అంది.

నేను నవ్వాను. అప్పుడే పటమేటి, నాకన్నా ముందే ముసిల్దానివైపోయావా అన్నాను. "అయిపోయేను కదా" అంది. సరసమాడుతోందనుకున్నాను. ఎన్నాళ్ళకో మా మధ్య ఒక హాస్యం నడిచిందని సంతోషించాను కూడా.

స్టూలు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గెడ్డం కొంచెం ఎత్తమన్నాను, ఎత్తింది. భుజం ఇటు తిప్పమన్నాను, తిప్పింది. మూడు తీశాను. ఒక్కదాంట్లోనూ రెప్ప వాల్చలేదు. మామూలుగా ఆడవాళ్ళు ఫొటో అవగానే చూపించమంటారు, బాగా రాలేదు ఇంకోటి తియ్యమంటారు. ఆమె అడగలేదు. "పటం తొందరగా కట్టించు" అని మాత్రం అంది. ఈలోగా పాస్‌పోర్టు ఫొటోకి ఒకాయన వచ్చాడు. నేను ఆయన కాలరు సర్దుతున్నాను. ఆమె గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. ఏదైనా చెప్పాలేమో అనుకున్నాను, ఒక్క నిమిషం ఆగమన్నాను. తిరిగి చూస్తే వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఫొటో కంప్యూటర్లో పెట్టి సరిచేశాను, ప్రింటు తీశాను, పటం కట్టించాను. మిగిలిన పటాల పక్కన గోడ వారగా నిలబెట్టాను. సాయంత్రం ఇంటికి పట్టుకుపోదామనుకుని మర్చిపోయాను.

మూడోరోజు బుధవారం. దేవరాపల్లి నుంచి ఒక ముసలమ్మ తన పటం తీసుకెళ్ళడానికి వచ్చింది. వారం కిందట తీయించుకుంది. పక్కింటామె పటంలో ముక్కుపుడక కనబడలేదని, తనది కనబడాలని నా చేత నాలుగు ఫొటోలు తీయించిన మనిషి. పటం రెండు చేతులా పట్టుకుని వెలుగులోకి తెచ్చి చూసుకుంది. ముక్కుపుడక స్పష్టంగా కనబడింది. బాగుందంది. తర్వాత మిగిలిన పటాలన్నీ వరసగా చూస్తూ, ఆయన ఏ ఊరు, ఈమె ఎవరి తాలూకు అని అడుగుతూ, ఒక దగ్గర ఆగిపోయింది.

"ఈ గుంట ఎప్పుడు పోయింది బాబూ?"

పోవడమేటమ్మా, మా ఇంటావిడే అన్నాను. మరి పటమేటి అంది. సరదాకి తీయించుకుందన్నాను. ఆమె తన పటం బల్ల మీద పెట్టేసి నా మొహంలోకి చూసింది. తెలివితక్కువ మనవణ్ణి చూసినట్టు చూసింది.

"సరదాకి ఎవులూ పటం కట్టించుకోరు. మేం పండిపోయినోళ్ళం, రాలిపోతామని కట్టించుకుంటాం. ఇది పచ్చికాయి. నువ్వింటికెళ్ళి సూడు."

చీరలు ఇచ్చేయడం, పట్టీలు పాపకి పెట్టడం, కంచంలో అటూ ఇటూ నెట్టిన అన్నం, గుమ్మం దగ్గర నిలబడడం, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. ఆ ముసలమ్మని స్టూడియోలోనే వదిలేసి స్కూటరు తీశాను. మా ఇంటికి అయిదు నిమిషాల దారి. మలుపులో చెరకు ట్రాక్టరు టైరు పోయి రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. దాని వెనక ఆటోలు, ఆటోల వెనక నేను. హారన్ కొట్టాను, తిట్టాను. ఎవడూ కదలలేదు. మా ఆవిడకి ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. స్కూటరు అక్కడే కాలవ పక్కన పడేసి, యాభై మూడేళ్ళవాణ్ణి, పరిగెత్తాను.

వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఇల్లు అద్దంలా ఉంది. అంత శుభ్రంగా మా ఇల్లు పండగలప్పుడు కూడా ఉండదు. నా చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి మంచం మీద దొంతర పెట్టి ఉన్నాయి. పక్కన పాప యూనిఫారాలు. ఫోను టీవీ మీద ఉంది. పిలిచాను, పలకలేదు. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. ఆమె రాత. గ్యాసు ఎప్పుడు బుక్ చెయ్యాలో, పాప ఐరన్ మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయో, కడుపునొప్పి వస్తే వాముతో పాటు ఏమివ్వాలో, జాడీలో ఊరగాయ ఎప్పుడు తిరగెయ్యాలో, నా బీపీ మాత్రలు టిఫినుకి ముందా తర్వాతా, అంతా ఉంది. కింద సంతకం లేదు. సంబోధన లేదు. పెరట్లోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు వస్తోంది, ఆగకుండా.

పెరటి తలుపు దాకా నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ ఎలా వేశానో నాకు గుర్తులేదు.

ఆమె బట్టలుతికే రాయి మీద కూర్చుని ఉంది. బకెట్టు నిండి పొర్లి నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. ఆమె పాదాలు నీళ్ళలో ఉన్నాయి. వాటిని చూస్తోంది. వెళ్ళి కుళాయి కట్టేశాను. అప్పటికీ తలెత్తలేదు. బతికి ఉందన్న సంతోషంలో నాకు ముందు వచ్చింది కోపమే. ఆ కాగితమేటని అరిచాను.

"నీకు తెలీదని రాసేను. ఏది ఎక్కడుందో నీకు తెలీదు కదా" అంది. చాలా మామూలుగా అంది.

నేను తడి నేల మీద కూర్చున్నాను. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని భయం వేసింది. అయినా అడిగాను. సచ్చిపోదామనుకుంటన్నావా అని అడిగాను.

"శుక్రవారం పాపకి పరీక్షలైపోతాయి" అంది.

ఆ రోజు బుధవారం. ఇంకా రెండు రోజులు. పిల్ల పరీక్షలు పాడవకూడదని ఆగింది. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు మావా అంది. పొద్దున్న లేస్తే సాయంత్రం ఎలా అవుతుందా అని ఉంటుందని, పాప మాట్లాడుతుంటే గోడ అవతల్నుంచి వినబడినట్టు ఉంటుందని, తను లేకపోతే అందరికీ తేలిక అనిపిస్తోందని, ఒక్కో మాట మధ్య చాలాసేపు ఆగి చెప్పింది. ఇలా ఎన్నాళ్ళయిందంటే తెలియదంది.

పాప కోసం మా అక్కని రప్పించి, మర్నాడు మా ఆవిడని విశాఖ మానసిక వైద్యశాలకి తీసుకెళ్ళాను. ఓపీ చీటీ రాసే ఆయన తలెత్తకుండా, పేషెంటు మీ అమ్మాయా అన్నాడు. భార్య అన్నాను. కోపం రాలేదు. ఆ మాటకి కోపం రాకపోవడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ మా ఆవిడకన్నా చిన్నది. మా ఆవిడతో విడిగా చాలాసేపు మాట్లాడాక నన్ను పిలిచింది. నిద్ర ఎన్నాళ్ళుగా లేదని అడిగింది. తెలియదండీ అన్నాను. ఎన్నాళ్ళుగా తిండి తగ్గిందంది. తెలియదండీ అన్నాను. ఈ మార్పులన్నీ చూసి మీరేమనుకున్నారని అడిగింది. పెద్దరికం వచ్చిందనుకున్నామండీ అన్నాను. ఆమె రాయడం ఆపి నన్ను చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఇది జబ్బు, మందులున్నాయి, తగ్గుతుంది. వయసు తేడా ఉన్న ఇళ్ళన్నిటిలోనూ ఇది రాదు, లేని ఇళ్ళలో రాకుండానూ పోదు. కానీ మనిషి ముదిరిపోవడం వేరు, ఆరిపోవడం వేరు, ఆ తేడా ఇంట్లోవాళ్ళు చూడాలంది. ఎవరికైనా ముందు చెప్పిందా, చిన్న సూచనైనా ఇచ్చిందా అని అడిగింది. లేదండీ, ఎవరికీ చెప్పలేదని గట్టిగా చెప్పాను.

రెండేళ్ళుగా మందులు వాడుతోంది. మా అక్క దిష్టి తీయించమంటే అది కూడా తీయించాను, మందు మాత్రం ఒక్కపూట మానలేదు. మధ్యలో ఒకసారి బాగయిపోయిందని ఆమె మానేస్తే మళ్ళీ పెరట్లో ఆ రాయి మీదికే వెళ్ళింది. మళ్ళీ మొదలెట్టాం. ఈ మధ్య డిగ్రీ పుస్తకాలు తెప్పించుకుంది. తలకి రంగు మానేశాను. మొన్న వీధిలో ఎవరో నన్ను తాతా అని పిలిస్తే ఆమె నవ్వింది, గోడ పట్టుకోలేదు గానీ నవ్వింది. అయినా నాకు ధైర్యం లేదు. కుళాయి చప్పుడు కొంచెం ఎక్కువసేపు వినిపిస్తే ఏ పనిలో ఉన్నా లేచి నిలబడతాను. ఫోను రెండోసారి మోగి ఎత్తకపోతే షట్టరు దించేస్తాను. ఇల్లు మరీ శుభ్రంగా ఉన్న రోజు నాకు అన్నం దిగదు.

ఆ పటం పగలగొట్టాను. కంప్యూటర్లో మాత్రం నేను ఏమీ ముట్టుకోని అసలు ఫొటో అలాగే ఉంది. అప్పుడప్పుడు తెరిచి చూస్తాను. చూడమని ఎవరూ చెప్పలేదు, నాకు నేనే వేసుకున్న శిక్ష.

ఎందుకంటే, మొదటిరోజు విశాఖ నుంచి తిరిగొస్తూ బస్సులో ఆమె ఒక మాటంది. కిటికీ పక్కన కూర్చుంది. సబ్బవరం దాటింది. బయటికి చూస్తూనే, డాక్టరమ్మకి అబద్ధం చెప్పావంది. ఏం అబద్ధమన్నాను.

"ఎవుళికీ సెప్పలేదన్నావు. నీకు సెప్పేను కదా మావా. ఇంట్లో నన్ను నువ్వు సూడవు. ఆ స్టూలు మీద కూకున్నోళ్ళనైతే సూస్తావని, వచ్చి కూకున్నాను."

ఆమె అనుకున్నది నిజమే, నేను చూశాను. ఆ మధ్యాహ్నం కంప్యూటరు మీద ఆమె మొహం పెద్దది చేసి పావుగంట సేపు చూశాను. రెండు కళ్ళ కిందా నల్లగా, లోతుగా కనబడింది. ఫొటోకి బాగోదని చెరిపేశాను.